8 సెకన్ల టేపు, 23 నిమిషాల పాట

మెలోట్రాన్ అంటే టేపు మీది శబ్దాన్ని వినిపించే కీబోర్డు వాద్యం. దాని పేరు వినగానే ముందు గుర్తొచ్చేది దాని వణుకు. వయొలిన్ల గుంపు వాయిస్తున్నట్టే ఉంటుంది, కానీ ఆ వాయింపు పక్క గదిలోంచి, చెమ్మ పట్టిన గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంటుంది. 1969 అక్టోబరు 10న కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు ఇయాన్ మెక్‌డొనాల్డ్ వేళ్ల కింద పలికింది ఆ వాద్యమే. ఆ రికార్డు చెయ్యి పట్టుకుని పొడవైన, చిక్కైన పాటల ప్రోగ్రెసివ్ రాక్ (ప్రోగ్)లోకి వచ్చినవాళ్లకి ఇవాళ్టి కొత్త ఆల్బమ్‌లో ఎక్కడైనా ఆ వణుకు అరక్షణం వినిపిస్తే చాలు, ఒళ్లు ఝల్లుమంటుంది.

అది ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఇష్టం ఇంకా ముదురుతుంది. 1970లో వచ్చిన ఎం400 మోడల్‌నే చూడండి. 35 కీలు, కీకి ఒకటి చొప్పున 35 టేపులు. టేపు వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు. దాని మీద పక్కపక్కనే మూడు ట్రాకులు, మూడు వేరు వేరు వాద్యాలకి. కీ నొక్కితే ఒక మెత్త టేపును దాని మీది శబ్దం చదివే హెడ్‌కి అదుముతుంది, చిన్న రోలరొకటి దాన్ని తిరుగుతున్న ఇరుసుకి ఆనిస్తుంది. టేపు కదులుతుంది, ఎప్పుడో ఎవరో స్టూడియోలో వాయించి పెట్టిన ఆ ఒక్క స్వరం బయటికొస్తుంది. కీ వదిలితే స్ప్రింగు టేపును వెనక్కి లాగేస్తుంది. టేపు పొడవు సుమారు 8 సెకన్లకే సరిపోతుంది. ఆ తర్వాత కీని ఎంత గట్టిగా పట్టుకున్నా నిశ్శబ్దమే.

అందుకే మెలోట్రాన్ తెలిసినవాళ్లు కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పట్టుకున్నాక వేళ్లన్నీ ఒక్కసారే ఎత్తరు. ఒక వేలు లేపి మళ్లీ వేస్తారు, తర్వాత పక్క వేలు, తర్వాత మూడోది. సాలీడు నడిచినట్టు ఉంటుంది చెయ్యి. అలా చేస్తే మొత్తం కార్డ్ తెగకుండా 8 సెకన్లు దాటి నిలుస్తుంది. ఒకేసారి ఎక్కువ కీలు నొక్కితే మోటారు మీద బరువు పడి వేగం తగ్గుతుంది, శ్రుతి కిందికి జారుతుంది. టేపు పూర్తిగా వెనక్కి రాకముందే మళ్లీ నొక్కితే స్వరం మొదటి నుంచి కాక మధ్యలోంచి అందుకుంటుంది. ఇన్ని తిప్పలున్న వాద్యం మీద గబగబా పరిగెత్తే వరసలు వాయించడం కష్టం, నిదానంగా కదిలే బరువైన వరసలే దానికి నప్పుతాయి. ఆ కాలపు ప్రోగ్ పాటల్లోని గాంభీర్యంలో కొంత ఆ స్ప్రింగులదే.

ఎల్పీ రికార్డుకి ఉండే ఒక్కో సైడు కూడా అలాంటి హద్దే. పింక్ ఫ్లాయిడ్ ‘ఎకోస్’ ఇరవై మూడున్నర నిమిషాలు, వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ ‘ఎ ప్లేగ్ ఆఫ్ లైట్‌హౌస్ కీపర్స్’ సుమారు 23 నిమిషాలు. రెండూ 1971వే. మరుసటి ఏడు జెనెసిస్ ‘సప్పర్స్ రెడీ’ దాదాపు 23, యెస్ ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ 19కి కాస్త తక్కువ. ఇవన్నీ ఇలా 18కీ 24కీ మధ్య నిలవడం కాకతాళీయం కాదు. సైడు పొడవు పెరిగేకొద్దీ గాడులు దగ్గర దగ్గరగా చెక్కాలి. అలా చెక్కాలంటే శబ్దం స్థాయి తగ్గించాలి, బేస్‌ని అదుపులో పెట్టాలి. పైగా 33⅓ చుట్ల వేగంతో తిరిగే రికార్డు మీద బయటి గాడి సూది కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు పరిగెడితే, లేబుల్ దగ్గరి గాడి 21 సెంటీమీటర్లే నడుస్తుంది. అదే శబ్దాన్ని సగానికన్నా తక్కువ జాగాలో ఇరికించాలన్న మాట. పై స్థాయి స్వరాలు అక్కడ మసకబారతాయి, గొంతులో ‘స’కారాలు చిట్లుతాయి. సప్పర్స్ రెడీలో పతాక ఘట్టం వచ్చేది సరిగ్గా అక్కడే. పాట ఆకాశానికెక్కే వేళకి గాడి ఇరుకు సందులోకి చేరుతుంది. పాత రికార్డుల్లో ఆ చివరి నిమిషాలు కొంచెం గరగరలాడుతూనే మనసులో ముద్రపడిపోయాయి. ఆ ముగింపులు గరగర లేకుండా శుభ్రంగా వినబడినప్పుడు ఏదో తగ్గినట్టనిపించేది అందుకే.

మూడో హద్దు టేపు అరుగుదల. కింగ్ క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో 1972 సెప్టెంబరులో చేసిన ప్రయోగం మరుసటి ఏడు ‘నో పుస్సీఫుటింగ్’ ఆల్బమ్‌లో ఒక సైడు మొత్తంగా వచ్చింది. రెండు రివాక్స్ ఏ77 టేపు రికార్డర్లు పక్కపక్కన పెడతారు. టేపు చుట్ట మొదటి యంత్రం మీద ఉంటుంది, అక్కడ రికార్డయి, రెండింటి మధ్య ఖాళీ దాటి, రెండో యంత్రం హెడ్ మీదుగా పోయి దాని చుట్టలో చేరుతుంది. రెండోది వినిపించిన శబ్దాన్ని మళ్లీ మొదటిదాని రికార్డింగులోకి పంపుతారు. టేపు సెకనుకి 19 సెంటీమీటర్లు నడుస్తూ, రెండు హెడ్‌ల మధ్య దారి 95 సెంటీమీటర్లుంటే వాయించిన స్వరం 5 సెకన్ల తర్వాత తిరిగొస్తుంది. యంత్రాల్ని జరిపితే ఆలస్యం మారుతుంది. లెక్క అంతే. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ స్వరం కొంచెం మొద్దుబారుతుంది, వెనక టేపు గుసగుస కొంచెం పెరుగుతుంది. కొత్త స్వరం ముందు నిలబడి, పాతవి ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ దూరమవుతాయి. ఆ లోతు టేపు అరుగుదల వల్ల వచ్చిందే.

దీన్ని ఇప్పుడు కంప్యూటర్‌లో చెయ్యబోయి చాలామంది నీరసపడేది ఇక్కడే. డిజిటల్ లూప్ అరగదు. వందోసారి వచ్చినా మొదటిసారంత తళతళలాడుతూనే వస్తుంది, నాలుగు పొరలయ్యేసరికి అంతా కలిసి ముద్దవుతుంది. శబ్దం మళ్లీ వెనక్కి పోయే ఫీడ్‌బ్యాక్ దారిలో ఒక లో-పాస్ ఫిల్టర్ పెట్టి 5 కిలోహెర్ట్జ్ పైన కొయ్యండి. దానికి ముందు 100 హెర్ట్జ్ కింద కూడా కొంచెం తగ్గించండి, లేకపోతే బేస్ పేరుకుపోతుంది. ఫీడ్‌బ్యాక్ 80 నుంచి 90 శాతం మధ్య ఉంచండి. మరీ తగ్గితే కొద్ది చుట్లకే స్వరం చచ్చిపోతుంది, నూరు దాటితే ఊళ పెడుతుంది. ఇక వాయించేటప్పుడు ముఖ్యమైంది ఆగడం. ఒక స్వరం వేసి, అది రెండుసార్లు తిరిగొచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోగలిగితే సగం పని అయినట్టే.

ఇంత యంత్రాల గొడవ ఎందుకంటే, ఆ తరంవాళ్ల కొత్త ఆల్బమ్‌లు వినడానికి నాకు తెలిసిన తాళంచెవి ఇదే. వాళ్ల గొప్ప సంగీతం హద్దుల్లోంచి పుట్టింది. ఇప్పుడు టేపు 8 సెకన్లకి ఆగిపోదు, సైడు 23 నిమిషాలకి నిండదు. కానీ 70 దాటిన మనిషికి వేరే హద్దులొస్తాయి. గొంతు దిగుతుంది, ఊపిరి తగ్గుతుంది, పక్కన వాయించినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. కొత్త ఆల్బమ్‌లో 1972ని వెతుక్కుంటే దొరకదు, దొరికినా అది నకలే. ఆ కొత్త హద్దుకి ఏ దారి వెతికారో వినండి, అప్పుడు పాత మనిషే కనబడతాడు.

ఈ మాట కొత్తదీ కాదు. సాఫ్ట్ మెషీన్ బ్యాండ్ మాజీ డ్రమ్మర్ రాబర్ట్ వ్యాట్ 1973 జూన్ 1న ఎత్తు నుంచి పడి నడుము కింద చచ్చుబడ్డాడు. కాళ్లు లేకుండా డ్రమ్‌సెట్ వాయించలేడు. మరుసటి ఏడే పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ నిర్మాతగా ‘రాక్ బాటమ్’ చేశాడు. అందులో ఆయన వంతు ముఖ్యంగా కీబోర్డు, గొంతు, చేతులతో వాయించగలిగిన తాళవాద్యాలు. అందులో మాటలు దొరకని చోట ఆయన గొంతే బాకాలా పలుకుతుంది. ఆ ఆల్బమ్ ఇంకా చెవికి తడిగా తగులుతుంది.

వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ సంగతి చూడండి. ఆ బ్యాండ్ గాయకుడు పీటర్ హామిల్‌కి 2003 డిసెంబరులో గుండెపోటు వచ్చింది. 2005లో నలుగురూ కలిసి ‘ప్రెజెంట్’ ఇచ్చారు. ఆ వెంటనే శాక్సోఫోన్ వాయించే డేవిడ్ జాక్సన్ తప్పుకున్నాడు. ఆ బ్యాండ్‌లో శాక్సోఫోన్ అలంకారం కాదు, వెన్నెముక. కొత్తవాణ్ణి తెచ్చుకోకుండా ముగ్గురే మిగిలి 2008లో ‘ట్రైసెక్టర్’, 2011లో ‘ఎ గ్రౌండింగ్ ఇన్ నంబర్స్’, 2016లో ‘డూ నాట్ డిస్టర్బ్’ చేశారు. బేస్ గిటారిస్టు కూడా లేడు. హ్యూ బాంటన్ ఆర్గన్ మీద రెండు చేతులూ ఆడిస్తూ పాదాలతో పెడళ్ల మీద బేస్ వాయిస్తాడు. ఈ ఆల్బమ్‌లు మొదటిసారి వినేటప్పుడు గొంతు వదిలేసి ఆ పాదాల్నే పట్టుకోండి. పాట మలుపు తిరిగే ముందు సూచన అక్కడి నుంచే వస్తుంది. శాక్సోఫోన్ పోయిన ఖాళీని వాళ్లు నింపలేదు, ఖాళీగానే ఉంచి దాని చుట్టూ రాశారు. నా లెక్కలో ఆ ముగ్గురి ఆల్బమ్‌లు వాళ్ల 1970ల పనికి ఏమాత్రం తీసిపోవు.

పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ ‘లక్ అండ్ స్ట్రేంజ్’ 2024 సెప్టెంబరు 6న వచ్చింది. అప్పటికి ఆయనకి 78. శీర్షిక పాట పునాది 2007లో తన ఇంటి దగ్గరి కొట్టంలో సరదాగా వాయించుకున్న రికార్డింగు. కీబోర్డు మీద ఉన్నది పింక్ ఫ్లాయిడ్ సహచరుడు రిచర్డ్ రైట్. ఆయన 2008 సెప్టెంబరు 15న పోయాడు. పదిహేడేళ్ల కిందటి ఆ చేతుల మీద మిగతా పాట కట్టారు. ఆల్బమ్ బోనస్‌లో ఆ అసలు వాయింపు కూడా ఉంది, 14 నిమిషాలు. దాన్ని ముందు విని, తర్వాత పాట వినండి. రైట్ ఎక్కడా ముందుకి తోసుకురాడు. గిటారు ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు వేసి తప్పుకుంటాడు. ఆ తప్పుకోవడమే పింక్ ఫ్లాయిడ్ అని అప్పుడు అర్థమవుతుంది. ఇంకో మంచి పని, నిర్మాతగా తనకన్నా చాలా చిన్నవాడైన చార్లీ ఆండ్రూని పెట్టుకోవడం. ప్రతి పాటలో గిటారు సోలో ఎందుకుండాలి, అన్నీ మెల్లగా మాయమైపోతూనే ఎందుకు ముగియాలి అని అతను అడిగాడని గిల్మరే చెప్పాడు. ఆ వయసులో, ఆ పేరున్నవాడికి ఎదురుగా నిలబడి అలా అడిగే మనిషి ఒకడుండటం ఆల్బమ్‌కి ఎంత మేలు చేసిందో వింటే తెలుస్తుంది.

గొంతు దిగినప్పుడు మామూలుగా చేసే పని పాటని అరస్వరమో, ఒక స్వరమో కిందికి దించడం. పియానోకి అది సమస్య కాదు. గిటారుకి సమస్యే. ఖాళీ తీగలు మోగే కార్డ్‌లతో రాసిన పాటని దించితే ఆ మోత పోతుంది, వేళ్లు వేరే ఆకారాలు పట్టుకోవాలి. గిటారు మెడకి బిగించే కేపో అనే పట్టీ శ్రుతిని పైకే తీసుకెళ్తుంది తప్ప కిందికి దించదు. అందుకని గిటారు తీగలన్నిటినీ అరస్వరం మేర వదులు చేస్తారు. వదులైన తీగ మీద వేలు కొంచెం గట్టిగా పడితే శ్రుతి పైకి పోతుంది కాబట్టి మందం తీగలు వేస్తారు. దాంతో శబ్దం ముదురుతుంది. పాత పాట కొత్త కచేరీలో ‘బరువుగా’ వినిపించడానికి తరచూ కారణం ఇదే.

జెత్రో టల్ బ్యాండ్ గాయకుడు, ఫ్లూటిస్టు ఇయాన్ ఆండర్సన్ తనకి సీఓపీడీ ఉందని 2020లో బయటపెట్టాడు. ఫ్లూట్ వాయించేవాడికి ఊపిరితిత్తుల జబ్బు. అయినా 2022లో ‘ది జెలట్ జీన్’, 2023లో ‘రాక్‌ఫ్లూటె’, 2025లో ‘క్యూరియస్ రూమినెంట్’. మూడేళ్ల పైచిలుకులో మూడు ఆల్బమ్‌లు. గొంతు ఇప్పుడు పాడటానికీ మాట్లాడటానికీ మధ్య ఒక సన్నని గట్టు మీద నడుస్తుంది, పై స్వరాల జోలికి పోదు. ఆ ఎత్తుల్ని ఫ్లూట్‌కి అప్పజెప్పాడు. వాక్యాలు చిన్నవయ్యాయి, మధ్యలో ఊపిరికి చోటుంది. ఊదుతూనే గొంతులో కూనిరాగం తీసే ఆ గరుకు శబ్దం మాత్రం అలాగే ఉంది. యెస్ బ్యాండ్ పాత గాయకుడు జాన్ ఆండర్సన్ సంగతి ఇందుకు భిన్నం. 2024లో, 79 ఏళ్ల వయసులో, తనకన్నా చిన్నవాళ్లైన బ్యాండ్ గీక్స్‌తో ‘ట్రూ’ చేశాడు, గొంతు ఇప్పటికీ మబ్బుల్లోనే ఉంది. జెనెసిస్ పాత గిటారిస్టు స్టీవ్ హ్యాకెట్, హాక్‌విండ్ డేవ్ బ్రాక్, మాగ్మా క్రిస్టియన్ వాండర్ కూడా ఆపలేదు. మాగ్మా ‘కార్టెల్’ 2022లో వచ్చింది, వాండర్ తనే పుట్టించిన కొబాయన్ భాషలో ఇంకా పాడుతూనే ఉన్నాడు.

ఒక్కదానికి మాత్రం మనసు కలుక్కుమంటుంది. 2014 నుంచి ముగ్గురు డ్రమ్మర్లని వేదిక ముందు వరసలో కూర్చోబెట్టిన కింగ్ క్రిమ్సన్, 2021 డిసెంబరు 8న టోక్యోలో చివరి కచేరీ చేసేదాకా స్టూడియో ఆల్బమ్ ఒక్కటీ ఇవ్వలేదు. కచేరీ రికార్డింగులే మనకి మిగిలాయి.

జెనెసిస్ పాత గాయకుడు పీటర్ గేబ్రియేల్ ‘ఐ/ఓ’ దగ్గర కొంచెంసేపు ఆగాలి. తన కొత్త పాటలతో అంతకు ముందు స్టూడియో ఆల్బమ్ ‘అప్’ 2002ది. ఇది 2023 డిసెంబరు 1న వచ్చింది. 12 పాటలు, 68 నిమిషాలు. ఆ ఏడాది జనవరి 6 నుంచి పౌర్ణమికొక పాట చొప్పున విడుదల చేస్తూ వచ్చాడు. ప్రతి పాటకి మూడు మిక్స్‌లు, అంటే గొంతునీ వాద్యాలనీ కలిపి తూచిన మూడు రూపాలు: మార్క్ స్పైక్ స్టెంట్ చేసిన బ్రైట్-సైడ్, చాడ్ బ్లేక్ చేసిన డార్క్-సైడ్, హాన్స్-మార్టిన్ బఫ్ డాల్బీ అట్మాస్‌లో (చుట్టూ, పైనా ఉండే స్పీకర్ల కోసం) చేసిన ఇన్-సైడ్. స్టెంట్‌ని చిత్రకారుడితో, బ్లేక్‌ని శిల్పితో పోల్చాడు గేబ్రియేల్.

రెండు మిక్స్‌లు పోల్చేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఏది కాస్త బిగ్గరగా ఉంటే అదే మెరుగనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా చాలు చెవిని మోసం చెయ్యడానికి. అందుకని ముందు వాల్యూమ్ సమం చెయ్యండి. ఒకే పాటలో ఒకే 30 సెకన్ల ముక్క తీసుకోండి. మొదటి చుట్టు డ్రమ్స్ ఒక్కటే వినండి, ఎంత దూరంలో కూర్చున్నాయో. రెండో చుట్టు గొంతు, వాద్యాల ముందుందా, మధ్యలో ఉందా. మూడో చుట్టు బేస్. అప్పుడు పాట మొత్తం వినండి. ఒక్కో పాటకి ఒక్కో మిక్స్ నచ్చుతుంది, మొత్తం ఆల్బమ్‌కి ఒకటే ఎంచుకోవాలనేమీ లేదు. అట్మాస్ మిక్స్‌ని హెడ్‌ఫోన్స్‌లో మాత్రమే విని తేల్చెయ్యకండి. అక్కడ వినబడేది స్పీకర్ల అమరికని రెండు చెవులకి కుదించిన రూపం.

ఐ/ఓలో బేస్ వాయించిన టోనీ లెవిన్, 1977లో గేబ్రియేల్ మొదటి సోలో ఆల్బమ్‌లోనూ ఉన్నాడు. 7 మాత్రల ‘సోల్స్‌బరీ హిల్’ అందులోదే. ఫ్రిప్ కూడా ఆ ఆల్బమ్‌లో వాయించాడు. నాలుగేళ్ల తర్వాత ఆ ఇద్దరూ కింగ్ క్రిమ్సన్ ‘డిసిప్లిన్’లో. లెవిన్ చేతిలో అప్పుడు చాప్‌మన్ స్టిక్. 10 తీగలు, బేస్ వైపు పంచమాల్లో, శ్రావ్యత వైపు చతుర్థాల్లో శ్రుతి. తీగల్ని మీటకుండా రెండు చేతులతోనూ తట్టి వాయిస్తారు. 2024లో, 78 ఏళ్లప్పుడు, లెవిన్ సొంత ఆల్బమ్ ‘బ్రింగింగ్ ఇట్ డౌన్ టు ది బేస్’ వచ్చింది. ఆ ఏడాదే ఏడ్రియన్ బెల్యూ, స్టీవ్ వాయ్, డానీ కేరీలతో కలిసి ‘బీట్’ పేరుతో 1980ల క్రిమ్సన్ పాటల్ని వేదికకెక్కించాడు.

ఆ పాటలు లెక్క తప్పిస్తాయని వదిలేసినవాళ్లకి ఒక ఉపాయం. ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’లో రెండు గిటార్లు ఒకే అల్లిక మొదలుపెడతాయి, 14 స్వరాల చుట్టు. తకిట తకధిమి రెండుసార్లు అనుకోండి, సరిపోతుంది. కాసేపటికి ఒక గిటారు 13కే చుట్టు ముగించడం మొదలుపెడుతుంది. ప్రతి చుట్టుకీ అది ఒక్కో స్వరం ముందుకి జారుతుంది. రెంటినీ ఒకేసారి లెక్కపెట్టబోతే ఎవరికైనా తప్పుతుంది. 14 ఉన్నదాన్ని నోటితో పట్టుకుని రెండోదాన్ని దాని మానాన వదిలెయ్యండి. అది దూరమవుతూ, మెల్లగా తిరిగొచ్చి మళ్లీ ఒడిలో పడే క్షణం దానంతటదే తెలుస్తుంది.

సైడు హద్దు పోయాక కూడా ఆ హద్దుని కోరి తెచ్చుకున్నవాడు స్టీవెన్ విల్సన్. కింగ్ క్రిమ్సన్, యెస్, జెత్రో టల్ పాత మాస్టర్ టేపుల్ని విప్పి మళ్లీ మిక్స్ చేసినవాడు. 2025 మార్చి 14న వచ్చిన ‘ది ఓవర్‌వ్యూ’లో రెండే పాటలు, ‘ఆబ్జెక్ట్స్ అవుట్‌లివ్ అస్’ 23 నిమిషాలు, శీర్షిక పాట 18. ఆకాశంలోంచి భూమిని చూసిన వ్యోమగాములకి కలిగే ఎరుక దాని విషయం. ఎల్పీ కొన్నవాళ్లు సూది బరువు కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన అంకెకే పెట్టండి, చాలావాటికి ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. గాడి పాడవుతుందని మరీ తేలిక చేస్తే సూది ఎగిరి, లోపలి గాడుల్ని అదే కొరుకుతుంది. స్ట్రీమింగులో వినేవాళ్లు పాటల అంచుల్ని ఒకదాన్లో ఒకటి కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపండి, మధ్యలో ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ పెట్టండి. రెండో పాట చివర ‘పర్మనెన్స్’ భాగంలో డ్రమ్స్ పోతాయి, మాటలు పోతాయి, థియో ట్రావిస్ శాక్సోఫోన్ చాలాసేపు తేలుతూ ఉంటుంది. ఆటోప్లే కూడా ముందే ఆపి పెట్టుకోండి. లేకపోతే ఆ స్వరం ఇంకా గాలిలో ఉండగానే ఇంకెవరి పాటో వచ్చి మీద పడుతుంది.